సీసాగాడు, నేను వేయించిన గేటు

నిన్న పొద్దున మిర్యాలగూడలో డ్యూటీకి రెడీ అవుతుంటే కోదాడ నుంచి మా ఆవిడ ఫోన్.

"ఏమయ్యా... సీసాగాడు లేస్తలేడు."

"పండుకున్నడేమో, జర నీళ్లు సల్లు."

"ఒళ్లు సల్లబడ్డదయ్యా."

చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. డ్యూటీ మానేసి కోదాడ బయల్దేరాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సీసాగాడు మా పొట్టేలు. అవును, గొర్రె. గొర్రెకు నివాళి పోస్టా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. నేను మటన్ తినేవాణ్నే, దాచను. గొర్రెలు కాసిన ఇంట్లోనే పుట్టాను. కానీ వీడి సంగతి వేరు.

కోదాడ దగ్గర మా సొంతూరు అనంతగిరిలో మాకు మంద ఉండేది. వీడు పుట్టిన రోజే తల్లి చచ్చిపోయింది. పాలసీసా పట్టి నేనే పెంచాను. అందుకే సీసాగాడు.

సాయంత్రం తల్లులు మేత నుంచి వచ్చేముందు దొడ్డిలో పిల్లలన్నీ గుంపు కట్టి ఉరికేవి. ఆ గోడ నుంచి ఈ గోడకు, మళ్లీ వెనక్కి. ఎందుకంటే ఏం చెప్తాం, ఆట! నాలుగు కాళ్లూ ఎత్తి గాల్లోకి ఎగరడంలో మావాడే ఫస్ట్.

తల్లులు రాగానే పిల్లలన్నీ పాలకు పోయేవి. వీడికి ఎవరున్నారు? నా దగ్గరికి ఉరికొచ్చి మోకాలికి తలతో ఒక్కటి ఇచ్చేవాడు. నేనూ తోసేవాణ్ని. మళ్లీ ఇచ్చేవాడు. అదే మా ఇద్దరి ఆట.

"పొట్టేలుకు పొడుసుడు నేర్పుతున్నవ్ అన్నా, రేపు నీ నడుమే ఇరుగుతది సూడు" అని మా తమ్ముడు తిట్టేవాడు.

తర్వాత తమ్ముడికి మఠంపల్లి వైపు ఫ్యాక్టరీలో పని దొరికింది. మందను చూసే దిక్కు లేక అమ్మేశాం.

సీసాగాణ్ని మాత్రం నేను ఇవ్వలేదు. కొనడానికి వచ్చినాయన మాంసం ఎంతొస్తుందోనని వాడి నడుం నొక్కి చూస్తుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. తాడు లాక్కుని, ఆటోలో ఎక్కించి కోదాడ ఇంటికి తెచ్చేశాను. కత్తి నుంచి కాపాడానని ఎంత మురిసిపోయానో. స్టేటస్ కూడా పెట్టాను. మీరంతా లైకులు కొట్టారు.

వాడికి రేకుల షెడ్డు వేయించాను. ఫ్యాన్ పెట్టించాను. పచ్చిగడ్డి, దాణా, దేనికీ తక్కువ చేయలేదు.

వాడితో ఉరికేవాళ్లే లేరు.

వారమంతా నేను మిర్యాలగూడలో. ఆదివారం వస్తే నా మోకాలు వెతుక్కుంటూ వచ్చేవాడు. ఒకసారి వాడు పొడిస్తే టైల్స్ మీద జారి పడ్డాను. ఆ రోజే తాడు పొట్టిగా కట్టాను. ఆట బంద్.

గొర్రె ఒంటరిగా బతికే జీవం కాదు. ఇది నాకు ఎవరో చెప్పాలా? మంద నుంచి ఒకటి తప్పిపోతే ఎట్లా అరుస్తుందో చిన్నప్పటి నుంచి విన్నవాణ్ని. అన్నీ తెలిసే చేశాను.

మా బావమరిదికి చిలుకూరులో మంద ఉంది. "మా తమ్ముని మందల కలుపుదామయ్యా, మంచిగ తిరుగుతడు" అని మా ఆవిడ అడిగింది. "పండుగొస్తే కోస్తరు" అని నోరు మూయించాను.

మొన్న ఎండాకాలంలో ఒక మంద మా ఇంటి ముందు నుంచి పోతుంటే ఆమె మళ్లీ ఫోన్ చేసింది. వెనక వాడి అరుపు ఆగకుండా వినిపిస్తోంది.

"తాడు తెంపుకునేటట్టున్నడు. గేటు తీసి జరసేపు వాటితోని తిరగనియ్యనా? కాపరాయన ఆగుతనంటున్నడు."

"వద్దు. ఆ మందల ఏం రోగముందో ఏమో. గేటెయ్యి."

వేసింది.

మంద పోయాక కూడా పొద్దుగూకేదాకా అరిచాడట. మర్నాటి నుంచి అరవడమే మానేశాడు. "అలవాటు పడ్డడు తియ్" అని నేను సంతోషపడ్డాను. చూడండి నా తెలివి.

తర్వాత మేత తగ్గింది. గోడకేసి తల పెట్టి నిలబడేవాడు. పశువుల డాక్టర్ వచ్చి చూశాడు. "రోగమేం కనబడతలేదు. తోడు లేక దిగులు పడ్డట్టున్నది. ఇంకో పిల్లను తెచ్చి పక్కన కట్టుర్రి. మీరు గూడ జర దగ్గరుండుర్రి" అన్నాడు.

వచ్చే ఆదివారం తెస్తానన్నాను. ఆ ఆదివారం సూర్యాపేటలో ఫ్రెండ్ గృహప్రవేశం. అటే పోయాను. పై వారం చూద్దాంలే అనుకున్నాను.

వాడు పై వారం దాకా ఉండలేదు.

నిన్న ఇంటికి చేరేసరికి తొట్టిలో దాణా పోసింది పోసినట్టే ఉంది. తాడు విప్పితే మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయి ఒక గీత. గేటు వైపు లాగి లాగి పడ్డ గీత అది.

అనంతగిరి తీసుకెళ్లి పాత దొడ్డి పక్కనే గుంత తీశాం. తమ్ముడు కూడా పని మాని వచ్చాడు. ఇద్దరం పట్టుకుని దించుతుంటే వాడి తల వాలి నా మోకాలికి తగిలింది.

అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇంట్లో కుక్కనో పిల్లినో సాకేవాళ్లకు ఒక్క మాట. గిన్నె నింపితే అయిపోయింది అనుకోకండి. ఈ పోస్ట్ చదివాక ఫోన్ పక్కన పడేసి కాసేపు దానితో ఆడండి. కడుపు నిండినా దిగులుతో పోతాయి. నేను చూశాను.

సీసాగా...
కత్తికి ఇయ్యలేదని మురిసిన గని, తాడుకు ఇచ్చిన్రా నిన్ను.
మాఫ్ చెయ్యి బిడ్డా.
పో, పోయి మందల కలువు. ఇగ గేటేసేటోడు ఎవడూ లేడు.
నీకు నిమ్మళం దొరకాలె.