విమానం తోక పట్టుకున్నాయన

మొన్న మా అపార్ట్‌మెంట్ పచ్చికలో ఎవరిదో నిశ్చితార్థం జరిగింది. ఫొటోలు తీసే అతను గడ్డి మీద డ్రోన్ పెట్టి, చేతిలో మీట నొక్కాడు. అది బుర్రుమని లేచి పెళ్ళికూతురి తల మీద తిరగసాగింది. ఉండబట్టలేక, "ఎవరూ పట్టుకోనక్కర్లేదా?" అని అడిగాను. "ఏం పట్టుకోవాలి అంకుల్?" అన్నాడతను. మిర్చి బజ్జీ ప్లేటుతో పక్కకు వచ్చేశాను గానీ, కాలిన ఆముదం వాసన అప్పటినుంచీ నా ముక్కును వదలడం లేదు.

తొంభైల చివర్లో కృష్ణా జిల్లా నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని వచ్చి చందానగర్‌లో ఒక డాబా మీది గదిలో అద్దెకు దిగాను. రెండు వేల సంవత్సరం వస్తే లోకంలోని కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయని పెద్దవాళ్ళు బెంగపడుతున్న రోజులవి. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో కూర్చుని పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దడం నా పని. ప్రపంచాన్ని కాపాడుతున్నామని మేనేజరు అనేవాడు. కాపాడేవాడికి ఆదివారం నోరు తెరిచే పనుండేది కాదు. మెస్‌లో "పెరుగు" అన్న ఒక్క మాటతో రోజు గడిచిన ఆదివారాలున్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "స్నేహితులున్నార్రా?" అనేది, "బోలెడుమంది" అనేవాణ్ణి. లోపల మాత్రం ఈ నెలతో సరి, మూటాముల్లె సర్దుకుని పోదామనే ఉండేది.

అలాంటి రోజుల్లో, పక్క సీటతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె నా బల్ల మీద పెట్టాడు. అందులో చిన్న విమానం. మూరెడు రెక్కలు, ముక్కున నిమ్మకాయంత నిజం ఇంజను, స్పిరిట్టూ ఆముదమూ కలిపిన ఇంధనం డబ్బా. రెక్క చివర రెండు సన్నటి తీగలు కట్టి ఉంటాయి. నడిపేవాడు మధ్యలో నిలబడి వాటిని పట్టుకుంటే అది చుట్టూ గిరగిరా ఎగురుతుంది. అన్నం తినడం మర్చిపోయి దానితో వచ్చిన కాగితం చదివాను. ఇంజను ముందున్న ఫ్యాన్ని వేలితో తిప్పొద్దు, రబ్బరు తొడిగిన పుల్లతో కొట్టి తిప్పాలి. ఫ్యాను తిరిగే వరసలో ముఖం పెట్టొద్దు. ఇంజన్ని అంటించడానికి తగిలించే బ్యాటరీ తీగను, అంటుకున్నాక వెనకవైపు నుంచే తీయాలి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఉన్న మాట దగ్గరే నా ప్రాణం ఉసూరుమంది. ఒంటరిగా ఎప్పుడూ స్టార్ట్ చేయొద్దు, వెనక ఒక మనిషి గట్టిగా పట్టుకుని ఉండాలి.

అమ్మకు చెప్పిన ఆ బోలెడుమందిలో ఒక్కణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆఫీసులో అడిగాను. ఒకడికి సంబంధం చూడ్డానికి వెళ్ళాలి, ఒకడికి నిద్రపోవాలి, ఒకడు "వచ్చే వారం తప్పకుండా" అని ప్రతివారమూ అన్నాడు. విమానాన్ని బండరాయికి కట్టేద్దామా అని కూడా ఆలోచించాను. ఆ ఆలోచనకి నాకే ఏడుపొచ్చింది. ఒక బొమ్మ తోక పట్టుకోవడానికి ఈ ఊళ్ళో నాకు మనిషి లేడు!

కింద, నాకు గది అద్దెకిచ్చిన ఇంటాయన అరుగు మీద కూర్చుని వచ్చేపోయే లారీలను చూస్తుండేవాడు. భార్య పోయింది, కొడుకులు ప్లాట్ల బేరాల్లో పడి అన్నానికి తప్ప కనబడరు. నాతో ఆయన మాటలన్నీ "నల్లా వచ్చింది సారూ" దగ్గరే ఆగిపోయేవి. ఒక పొద్దున ఆ పెట్టె పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"బాబాయ్ గారూ, మీకు పనేమీ లేకపోతే, దీన్ని కాసేపు పట్టుకుంటారాండీ?"

"ఏంది సారూ గిది? పట్టుకునుడే గద! ఎడ్లను పట్టిన చేతులివి," అని అప్పుడే తలకు రుమాలు చుట్టుకుని, లోపల్నుంచి ఒక సంచి తెచ్చుకున్నాడు. "ఖాజాగూడ దిక్కు పోదాం. ఆడ నా చెల్క ఉండె. అమ్మిన గని, ఇంకా గోడ గట్టలే."

స్కూటరు మీద నేను ముందు, విమానాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఆయన వెనక. ఖాజాగూడ రాళ్ళ పక్కన, తనది కాని తన చెలక పొలంలో దిగి, ఆయన చుట్టూ ఒకసారి చూసి, విమానాన్ని మెల్లగా నేల మీద దించాడు. నేను కాగితంలోని జాగ్రత్తలన్నీ అప్పజెప్పాను. "తోక దగ్గర పట్టుకుని కూర్చోండి. నేను తీగలు పట్టుకుని చెయ్యెత్తుతాను, అప్పుడే వదలండి. అంతదాకా ఏమైనా సరే వదలొద్దు."

"మంచిగ. గని కొత్త బండికి పూజ చెయ్యకుంట నడుపుతరా ఎవలన్న?" అని సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. నేనూ చెప్పులు విప్పి చేతులు కట్టుకున్నాను. రెక్కల మీద పసుపు, తోక మీద కుంకుమ, పైన గుప్పెడు అక్షింతలు, అన్నీ ధారాళంగా జరిగాయి. ఫ్యాను గాలి వెనక్కి కొడుతుందన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కంప్యూటర్లను కాపాడే బుర్ర నాది మరి.

ట్యాంకు నింపి, బ్యాటరీ తీగ తగిలించి, పక్కకు జరిగి పుల్లతో కొట్టాను. దగ్గింది. మళ్ళీ కొట్టాను. ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా అందుకుంది. ఆ గాలికి పసుపూ కుంకుమా అక్షింతలూ, పైన ఆముదం తుంపరా కలిసి తిన్నగా ఇంటాయన ముఖాన పడ్డాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కన్నీళ్ళు ఎర్రగా మీసాల మీదికి కారుతున్నాయి. "వదిలేయండి, పక్కకి పడెయ్యండి బాబాయ్ గారూ!" అని అరిచాను. ఆ రొదలో నా అరుపు నాకే వినబడలేదు. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పోతే పోయింది ఇంజను అని ముందునుంచే ఎగబడబోయి, ఆ కాగితం గుర్తొచ్చి, వెనకనుంచి చుట్టి వచ్చి ఇంధనం గొట్టం నొక్కేశాను. ఇంజను రెండుసార్లు ఎగిరెగిరి ఆగింది.

రాళ్ళ మధ్య నిశ్శబ్దం. పసుపు ముఖంతో, కళ్ళు మూసుకునే, ఆయన ఇంకా తోక వదల్లేదు.

"చెయ్యి లేపినవా బిడ్డా? కండ్లు కనవడ్తలెవ్వు."

అంతదాకా సారూ అన్న మనిషి. నేను చెయ్యెత్తలేదు. ఆయన చేతుల మీద చేతులేసి, వేలు వేలుగా విడిపించాను. సీసాలో నీళ్ళతో ముఖం కడుగుతుంటే నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపూ వచ్చింది. "నాకు మండితే నువ్వేడుస్తవేంది?" అన్నాడాయన. తర్వాత తోకంతా శుభ్రంగా తుడిచి మళ్ళీ స్టార్ట్ చేశాం. విమానం రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో ముక్కుతో నేలను పొడిచింది. ఆయన మాత్రం వారం రోజులు అరుగు మీద ఆ రెండు చుట్ల గురించే చెప్పుకున్నాడు. నేను మూటాముల్లె సర్దుకోలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ చెలకలో ఇప్పుడు ఆకాశం కనబడనంత మేడలున్నాయి. వాటిలో ఒకదాంట్లో నేనూ కొన్నాళ్ళు పనిచేశాను, చుట్టూ వందలమంది ఉన్నా ఆదివారాలు మళ్ళీ మునుపటిలాగే వచ్చాయి. ఆయన ఆ తోక పట్టుకున్నది ఎంతసేపని? ఇంజను ఆగేదాకా, అంతే. ఈ ఊళ్ళో నేను గడిపిన ఏళ్ళన్నీ ఒకవైపు పెట్టి తూచినా, ఆ కాసేపే బరువుగా తూగుతుంది.