అంకుల్ రెండో కుర్చీ

ఈ సాయంత్రం వానలో, వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఫ్లాట్ ముందు వరండాలో, పక్కింటి చైనీస్ అంకుల్ తన రెండో కుర్చీని లోపలికి తీసుకెళ్తున్నారు. "నోబడీ సిట్ లా" అన్నారు, ఎవరూ కూర్చోరుగా అన్నట్టు.

గోవాలో నాతో పెరిగినవాళ్లకు మేం అద్దెకున్న పోర్చుగీసు ఇళ్లు గుర్తుండే ఉంటాయి. గాజుకు బదులు ఆల్చిప్పల కిటికీలు, గుమ్మానికి రెండు వైపులా రాతి బల్లలున్న వసారా. అక్కడి ఎండలూ వానలూ చూశాకే పోర్చుగీసువాళ్లు ఇంటిని అలా వీధి వైపు తెరిచారట. వసారాలో ఎవరొచ్చి కూర్చున్నా ఇంట్లోంచి ఒకరు వెళ్లి పక్కన కూర్చోవాలి. నేనేమో తలుపు చాటున నక్కేవాణ్ణి.

"ఏం మాట్లాడనమ్మా?"

"ఏమీ తోచకపోతే వానని తిట్టరా. ముందు వెళ్లు," అనేది అమ్మ.

కంప్యూటర్ ఉద్యోగాల జోరులో దేశం దాటి ఇక్కడికొచ్చాను. రోజూ పాయా లేబర్ పేటలోని మా ఆఫీసు నుంచి వచ్చేసరికి అంకుల్ ఆ ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని, తిన్నావా అన్నట్టు "మకాన్ ఆల్రెడీ?" అని పలకరించేవారు. తలూపి, లోపలికెళ్లి గ్రిల్ వేసుకునేవాణ్ణి. ఆ కుర్చీ ఎవరికోసమని ఒక్కనాడూ అడగలేదు.

ఇవాళ కుర్చీ పట్టుకుని ఆపాను. సిగ్గుపడుతూనే, "స్టుపిడ్ రెయిన్, అంకుల్" అన్నాను.

ఆయన కుర్చీ కింద పెట్టారు.