శనివారపోళ్ల సలాబు

దేవరకొండ దాటాక ఒక చిన్న ఊరి చివర మేం ఇల్లు కట్టుకున్నది తెలంగాణ వచ్చిన మూడేళ్లకు. అప్పటికి మేమిద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు చేసి రిటైరయ్యాం. వారానికి రెండు రోజులైనా చెట్ల మధ్య గడపాలన్నది నా కోరిక. చుట్టూ గోడ, ఇనుప గేటు, గేటుకు రెండు తాళాలు ఉండాలన్నది మా ఆయన కోరిక. రెండూ తీరాయి. శనివారం పొద్దున వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవాళ్లం. ఊళ్లో మమ్మల్ని 'శనివారపోళ్లు' అంటారని కిరాణా కొట్టు దగ్గర చెవిన పడింది. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

మా వెనక గోడను ఆనుకునే, గొర్లు మేపుకుంటూ కాస్త కంది పండించుకునే ఒక కుటుంబం ఉండేది. ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు. ఎదురుపడితే "మంచిదేనా?" అనేవాళ్లు. "మంచిదే" అనేవాళ్లం. అంతకు మించి మాటల్లేవు.

ఒకసారి బోరు మోటారు చెడిపోయింది. మెకానిక్ బుధవారమే వస్తానన్నాడు. అలా మొదటిసారి వారం మధ్యలో వెళ్లాం. గేటు తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. డాబా మీద మాత్రం ఎవరో మాట్లాడుకుంటున్నారు. మెట్లెక్కి చూస్తే అడుగుపెట్టే చోటు లేకుండా కందులు! అవ్వ మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చుని మట్టిపెళ్లలు ఏరుతోంది. కోడలు పాదాలతో కందుల్ని తిరగేస్తోంది. వెనకవైపు పిట్టగోడకు నిచ్చెన ఆనించి ఉంది.

కోడలు మమ్మల్ని చూసి గతుక్కుమని నిచ్చెన వైపు జరిగింది. అవ్వ కదల్లేదు.

"ఇయ్యాల శనివారం కాదు గద బిడ్డా?" అంది నాతో, తప్పు మాదే అన్నట్టు.

ఆయన ముఖం ఎర్రబడింది. "అడక్కుండా ఇంకొకళ్ల ఇల్లు ఎక్కుతారా?"

"అడుగుదమంటే మీరు ఉండాలె గద సారూ. రోడ్డు మీద ఆరవోస్తే బండ్లు తొక్కుకుంట పోవట్టినయ్. మీ సలాబు మీద ఎండ మంచిగ వడ్తది. శుక్కురారం సాయంత్రం అంత ఎత్తి, ఊడ్సి పెడ్తున్నం. జర చూస్కో, ఎన్నడన్న చెత్త కనవడ్డదా?"

ప్రతి శనివారం మా డాబా అద్దంలా ఉండేది. "పల్లెగాలిలో దుమ్మే ఉండదు, చూశావా!" అని ఆయన మురిసిపోయేవారు. అది గుర్తొచ్చి నేను పిట్టగోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను. నన్ను చూసి కోడలూ కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం "సాయంత్రానికల్లా అంతా తీసెయ్యండి" అని విసవిసా దిగిపోయారు.

సాయంత్రం దాకా ఆగలేదు. మెకానిక్ మోటారు బిగిస్తుండగానే కాలం కాని కాలంలో మబ్బు పట్టింది. మొదటి చినుకులకే పైనుంచి కోడలు కేకేసింది. నేను చీపురు తీసుకుని పరుగెత్తాను. ముగ్గురం కందుల్ని కుప్ప చేస్తుంటే, వెనకనుంచి ఆయన కారు కవరు లాక్కుంటూ వచ్చారు.

"ఆ మూల పట్టుకోండి! అటు కాదు, ఇటు!" ముప్పై ఏళ్ల ఆఫీసు గొంతు అది. అవ్వ కూడా మారుమాట్లాడకుండా మూల పట్టుకుంది.

కుప్ప నిలిచింది. తడిసిన రెండు బస్తాల్ని మా హాల్లో పరిచి ఫ్యాను పెట్టాం. సోఫాలు వరండాలోకి పోయాయి. కాసేపటికి అవ్వ జొన్నరొట్టెలు, ఎర్రకారం తెచ్చింది. "తిన్నంకనే పోవాలె" అంది. ఆయన మూడు తిన్నారు. కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే తిన్నారు.

తరువాతి నెలలో ఆయనే మేస్త్రీని పిలిచి వెనకవైపు బయటి నుంచి సిమెంటు మెట్లు కట్టించారు. "ఆ వయసులో నిచ్చెన మీంచి పడితే ఏం కాను?" అని నా మీదే విసుక్కున్నారు, నేనేదో వద్దన్నట్టు.

ఇప్పుడు కందుల కాలంలో కోడలు ఫోను చేస్తుంది. "పెద్దమ్మా, గీ వారం రాకుండ్రి, సలాబు ఖాళీ లేదు." మేం ఆగిపోతాం. ఉడకబెట్టిన కందికాయలు మాత్రం మర్చిపోకుండా దేవరకొండ బస్సులో పంపిస్తుంది.

మొన్న మా ఎదురుగా ఇంకో పట్నం కుటుంబం పెద్ద ఇల్లు కట్టుకుంది. అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వయితే మంచిగ మాట్లాడ్తవు బిడ్డా. ఓసారి పోయి అడుగు. వాళ్ల సలాబు మనదాని కంటే పెద్దగున్నది."

రేపు పొద్దున వెళ్దామని ఆయన అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.