ఊరు దొరకని సువార్త పుట

మా యూనివర్సిటీకి దూరంగా ఒక లైబ్రరీలో బైబిల్ సువార్త పుట ఒకటుంది. వెయ్యేళ్లు దాటిన దూడతోలు మీద చేత్తో రాసింది. ఆ పుస్తకంలో మిగతాదంతా పోయింది. దాన్ని రాసిన సన్యాసికి ఒక ఊరు వెతికిపెట్టాలన్నది నా పంతం, అదే నా పీహెచ్‌డీ. మేముండే సన్నీవేల్‌లో ఎవరింట్లో పార్టీకి వెళ్లినా, దానికి జాబ్ వస్తుందా అని అడగని ఆంటీ లేదు. నాకు ఒళ్లు మండేది.

అక్షరాలు చూస్తే ఐర్లండ్ చేతిరాతే. నిలువు గీతల తలల మీద చిన్న ముక్కోణాలు. అంతమాత్రాన అక్కడే రాశారనలేం. ఆ సన్యాసులు సముద్రం దాటి వెళ్లి ఐరోపాలో మఠాలు కట్టుకున్నారు. చేతిరాత ఎక్కడ నేర్చుకున్నాడో చెబుతుంది గానీ ఎక్కడ కూర్చుని రాశాడో చెప్పదు. అందుకని రంధ్రాలు చూస్తాం. గీతలు తిన్నగా రావాలని, రాసేముందు తోలు అంచున వరుసగా పొడిచేవారు. ఐర్లండ్‌లో రెండంచులా పొడిస్తే, సముద్రం అవతల ఎక్కువగా బయటి అంచునే. ఫొటోలో లోపలి అంచున, అంటే పుస్తకం వెన్ను వైపున కూడా రంధ్రాలు కనిపించాయి. ఇంకేం, ఐర్లండ్ అని రాసేసి, రెండేళ్లు దానిమీదే కట్టుకుంటూ పోయాను.

కిందటి వసంతంలో మా ఆయన డ్రైవ్ చేసి తీసుకెళ్తే, ఆ పుటను మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. ఏటవాలు వెలుతురులో చూస్తే లోపలి అంచున ఒక్క రంధ్రమూ గీతకు ఎదురుగా లేదు. అవి పొడిచినవి కావు, కుట్టినవి. ఫ్రేమ్ కట్టి అమ్ముకోవడానికి ఎవడో వ్యాపారి అసలు లోపలి అంచు కత్తిరించి పారేసి, మిగిలినదాన్ని అట్టకు కుట్టించాడు. నాకు కావలసిన జవాబు ఆ పారేసిన పీలికలోనే ఉండేది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నాకు ఎలుక కూడా దక్కలేదు.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. మన పనిలో ఇది మామూలేనని, మూలం తెలియదని రాసి ముగించమని, డిగ్రీకి ఢోకా లేదని మెత్తగా చెప్పారు. ఆ మెత్తదనానికి ఇంకా కోపమొచ్చింది.

"పోనీలే, ఇంకో పేజీ తీసుకుని ట్రై చెయ్," అన్నాడు మా ఆయన తిరుగు దారిలో.

"ఆ సన్యాసి రాసింది ఇంకోటి లేదు. మిగిలింది ఇదొక్కటే."

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి, ఐర్లండ్ అని ఉన్న చోటల్లా తీసేయడం మొదలుపెట్టాను. తీసేసిన చోట పెట్టడానికి నా దగ్గర ఇంకో ఊరు లేదు.