ఊరి మొదట్లో పడున్న మా రేవతి నల్లబల్ల

పోయిన వానాకాలం మా అమ్మాయి రేవతి జ్వరంతో పోయింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. రాయగడ జిల్లాలో టికిరి దాటాక ఒక కొండ ఊళ్ళో బడి నడిపేది. బడంటే గంట కొట్టే బడి కాదు. కూలికి పోయేవాళ్ళు పోయేముందు, మేకలు తోలేవాళ్ళు మేకలు కట్టేశాక, ఎవరికి ఎప్పుడు తీరితే అప్పుడొచ్చి చదువుకునే చోటు. పిల్లలూ వస్తారు, వాళ్ళ అమ్మలూ వస్తారు. జ్వరం పట్టి మా ఇంటికి, సునాబెడకి వచ్చినప్పుడు సామానంతా అక్కడే ఉండిపోయింది. అది తెచ్చుకోవడానికి ఇన్నాళ్ళకి నాకు ధైర్యం వచ్చింది. "తెచ్చుకుని ఏటి సేసుకుంటావే?" అన్నారు ఫ్యాక్టరీకి బయలుదేరుతున్న మా ఆయన. "ఇంట్లో పెట్టుకుని చూసుకుంటాను" అన్నాను. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు, నాతో రాలేదు. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. అటు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని నాకు వచ్చినట్టు రాస్తున్నాను.

మా సునాబెడ నుంచి కొరాపుట్‌కి పొద్దున్నే బస్సులుంటాయి. కొరాపుట్‌లో రాయగడ వైపు పోయే పగటి రైలు ఎక్కి టికిరిలో దిగాలి. మామూలు టికెట్టు చాలు, పెద్ద ఖర్చేం కాదు. దారి పొడుగునా సొరంగాలే. కిటికీ దగ్గర కూర్చుంటే కొండలు, లోయలు చాలా బాగుంటాయంటారు. నేను చూడలేదు. సొరంగం వచ్చినప్పుడల్లా ఆ చప్పుడులో ఎవరికీ వినబడదని ఏడ్చుకున్నాను.

టికిరిలో ఊళ్ళవైపు పోయే ఆటోలు మనుషులు నిండితేనే కదుల్తాయి. మనిషికి యాభై తీసుకున్నాడు. డ్రైవరు మన తెలుగువాడే, గడ్డం నెరిసినవాడు. "ఏటమ్మా, ఒక్కర్తివే కొండెక్కుతున్నావు? సీపుర్లు కొనడానికా?" అన్నాడు. మా అమ్మాయి బడి చూడ్డానికి అన్నాను. అద్దంలోంచి నా మొహం చూశాడు. "రేవతి టీచరమ్మ అమ్మవా! నన్నూ రమ్మని ఎంతలా సెప్పిందో. పలకట్టుకుని కూకోడానికి సిగ్గేసి ఎల్నేదు. మా ఆడది పుట్టిల్లు ఆ ఊరే, అది ఎల్లింది. ఇప్పుడు నా ఆటో ఎనకాల రాసుందంతా సదివీసి నవ్వుతాది." నాకూ నవ్వొచ్చింది. చాలా నెలల తరవాత.

ఆటో దిగి మట్టిదారిలో కొంచెం నడిచాను. ఇళ్ళు ఇంకా రాలేదు. దారి పక్కన రాళ్ళ దగ్గర ఏదో నల్లగా కనబడింది. దగ్గరికెళ్ళి చూద్దును కదా, మా రేవతి నల్లబల్ల. వానకి నానిపోయి, అంచులు చెదలు తినేసి, మట్టిలో వెల్లకిలా పడుంది. పక్కన దాని రేకుపెట్టె, దాని గొడుగు, స్టీలు గ్లాసు. చచ్చిపోయిందని తెలిసి ఊరి బయట పారేశారా? రెండేళ్ళు వీళ్ళకోసం పడి చచ్చింది కదా నా పిల్ల! అక్కడే కూలబడిపోయాను.

నీళ్ళ బిందెతో ఒకామె వస్తోంది. పేరు సోమారి అని తరవాత తెలిసింది. సునాబెడ సంతలో నేర్చుకున్న దేశియా భాషలో అరిచేశాను. "ఇదేనా మీరు నా బిడ్డకి చేసిన మర్యాద? చచ్చిన కుక్కని పడేసినట్టు బయట పడేస్తారా?" ఆమె బిందె దించింది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు అమ్మవా?" అంది. నా చెయ్యి పట్టుకుని గడ్డి పక్కకి తీసి చూపించింది. తుప్పు పట్టిన గొడ్డలి ఉంది. "ఇది మా ఆయనది." ఒక చిల్లు కుండ. "ఇది మా అత్తది. పోయినవాళ్ళ వస్తువులు మేం వాడం. వాళ్ళకే ఇచ్చేస్తాం. నీ కూతుర్ని మీ ఊళ్ళో కాల్చారు, మేం రాలేకపోయాం. అందుకని తన వస్తువుల్ని మా వాళ్ళ దగ్గర పెట్టాం."

నా కూతురు వీళ్ళకి కూడా చచ్చిపోయిందని నాకు తెలియలేదు.

ఊళ్ళోకి తీసుకెళ్ళింది. ఒకరి అరుగు మీద బడి నడుస్తోంది. మట్టిగోడ మీద బొగ్గుతో రాస్తున్నారు, నిండితే పేడనీళ్ళతో అలికేస్తున్నారు. చంకలో తమ్ముణ్ణి పెట్టుకున్న ఒక చిన్న పిల్ల, మేకల కర్రతో ఒక ముసలమ్మ, పక్కపక్కనే కూర్చుని ఒకే అక్షరం దిద్దుతున్నారు. ఫీజంటే గుమ్మం దగ్గర కుండలో పిడికెడు మండియా, అంటే మన చోళ్ళు, రాగులు. ఆఖర్న అందరికీ అంబలి కాస్తారు. పాఠం చెప్పేది సోమారే. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షకి కట్టిందట. నెలలోపే పరీక్ష.

"పుస్తకాలేవి?" అన్నాను. ఊరి మొదటికి చెయ్యి చూపించింది. "పెట్టెలో."

తాళం కూడా లేదు ఆ పెట్టెకి! ఇన్ని నెలలూ పుస్తకాలు లేకుండా చదివింది గానీ మూత ఎత్తలేదు. "మరి పరీక్ష ఎలాగే అమ్మీ?" అని సోమారిని అడిగితే మేకల ముసలమ్మ అందుకుంది. "కన్నదానివి నువ్వు. నువ్వు తీస్తే నీది. నీ చేత్తో ఇస్తే తీసుకుంటాం. ఇవ్వకపోతే పట్టుకెళ్ళు. నీ బిడ్డవి కదా, మేం ఏమీ అనం."

నేను పట్టుకెళ్ళడానికే వచ్చాను. అందరం మళ్ళీ ఊరి మొదటికెళ్ళాం. పెట్టె తెరిస్తే మా రేవతి వాసనొచ్చింది, కొబ్బరినూనె వాసన. పైన కప్పిన ప్లాస్టిక్ కవరు వల్ల పుస్తకాలు బాగానే ఉన్నాయి. చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ తొందర పెట్టలేదు. ఆఖరికి లెక్కల పుస్తకం సోమారి చేతిలో పెట్టాను. తరవాత పలకలు, నల్లబల్ల, అన్నీ ఇచ్చేశాను. గొడుగు, గ్లాసు మాత్రం అక్కడే ఉంచమన్నాను, మా పిల్లకి. ఆ చిన్నది పలక లాక్కుని ఉమ్మేసి తుడిచేసింది. గుండె చివుక్కుమంది. సోమారి మాత్రం నిలబడే పేజీలు తిప్పేస్తోంది, పెదాలు కదుపుతూ, మా రేవతి పెన్సిలు గీతల మీద వేలు పెట్టుకుంటూ.

వట్టి చేతులతో ఇంటికొచ్చాను. మా ఆయన చేతులు చూశారు, నా మొహం చూశారు. దుఃఖం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఊరు ఊరంతా కళ్ళెదురుగా ఉన్న చదువుని కూడా వదులుకుని మా రేవతిని తలుచుకుంది.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కొండ ఊళ్ళలో దారి పక్కన గొడ్డలో, కుండో, గొడుగో వదిలేసినట్టు కనబడితే ముట్టుకోకండి, ఫోటో తియ్యకండి. ముందు ఊళ్ళోకెళ్ళి అవి ఎవరివో అడగండి.