దొంగ అలలు

మండపేట రైస్ మిల్లుల వీధిలో ఉండే మణిదీప్ పని, రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోవడాన్ని కంప్యూటర్‌లో నడిపి చూడటం. పళ్ళు తోముకుంటున్నా, అన్నం తింటున్నా ఆ రన్ ఎంతవరకు వచ్చిందోనని ఫోన్ తీసి చూస్తూనే ఉంటాడు. కానీ రన్ మొదట్లో తెరమీద కనిపించే, లెక్క సర్దుకోక పుట్టే దొంగ అలలకు మాత్రం బెదరడు. కాసేపుంటే అవే పోతాయి. కంగారుపడి ఆపేస్తే మళ్ళీ మొదలుపెట్టాలి, మళ్ళీ అవే అలలు వస్తాయి.

మూడేళ్ళ కూతురు హేమశ్రీని బడిలో వేసిన మొదటి రెండు రోజులూ, ఏడుపు వినగానే వెనక్కి తెచ్చేసుకున్నాడు. మూడో రోజూ పాప ఏడ్చింది. అతని చెయ్యి బడి గేటు గడియ మీదికి వెళ్ళింది.

"మళ్ళీ మొదటికొచ్చారేంటండీ?" అంది వెంకటదుర్గ టీచర్ లోపలినుంచి. "మీరిలా తీసుకుపోతుంటే రోజూ ఇదే ఏడుపండి. ఇవాళ కూడా తీసుకెళ్తే ఈ ఏడాదికి బడి మాట మర్చిపోండి."

అతను గడియ వదిలేసి గోడకానుకున్నాడు. ధాన్యం లారీ ఒకటి రొద చేసుకుంటూ వీధి దాటిపోయింది. ఆ మోత తగ్గేసరికి లోపల ఏడుపు ఆగిపోయింది. మణిదీప్ గోడ వదిలి గేటు దగ్గరకొచ్చాడు.

"టీచర్ గారూ," అన్నాడు గేటు ఊపుతూ, "పాప చప్పుడు లేదేంటండీ?"