పరీక్షకు పంపని పెరుగు

2004 ఎండాకాలంలో గుత్తి బస్టాండు దగ్గర వేరుశనగ పాలు, పెరుగు అమ్మేవాణ్ణి. ఆ రోజుల్లో కాలేజీ ల్యాబులో కూడా ఫీజు బేరమాడి గెలిచిన మొనగాణ్ణి నేను. అంగళ్ల వాళ్ల ఇంట్లో పుట్టి ఆ మాత్రం చేయకపోతే మా నాయన అన్నం పెట్టడు. నా సరుకు గుణం పరీక్షించడానికి మూడు శాంపిళ్లకు ఫీజు చెప్తే రెండింటికి దించాను. ఆ వదిలేసిన మూడోదే నేను రోజూ అమ్మే సరుకు.

వేరుశనగ పప్పు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు కల్చర్, అంటే తోడు వేసే బ్యాక్టీరియా, కలిపితే పెరుగవుతుంది. ఇలా పులియడమే ఫర్మెంటేషన్. పప్పులో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. ఒంట్లో కణాలు పాడవకుండా అడ్డుపడే పదార్థాలని చెబుతారు. పప్పును అంటిపెట్టుకుని ఉన్నవి కొన్ని పులిసినప్పుడు విడివడతాయి. వాటిని చూడడానికి ల్యాబులో ఊదారంగు మందునీళ్లలో శాంపిల్ కలుపుతారు. రంగు ఎంత విరిగితే గుణం అంత ఎక్కువని లెక్క.

ఎర్ర పొట్టుతో చేసిన పాలు, దాని పెరుగు, పొట్టు తీసిన పప్పు పెరుగు, మూడూ చూద్దామన్నారు లెక్చరర్ మేడమ్.

"పొట్టు ఉన్నా లేకున్నా శనక్కాయ శనక్కాయే గదా మేడమ్," అని మూడోదాన్ని ఎగరగొట్టించాను.

పొట్టు పాలు ఊదారంగును కొంత విరిచాయి. పొట్టు పెరుగు దాన్ని లేత పసుపు దాకా దించింది. నేను అదే రోజు బోర్డు రాయించాను: 'పులిసిన వేరుశనగ పెరుగు ఒంటికి రక్ష'. అమ్మింది మాత్రం పొట్టు తీసిన తెల్ల పెరుగు. పొట్టుతో చేస్తే వగరు, పైగా మట్టిరంగు; ఎవరూ ముట్టరు. తీసిన పొట్టు పశువుల దాణాకు పోయేది.

బస్టాండులో ఇడ్లీ హోటల్ నడిపే ఓబులమ్మక్క రోజూ నా దగ్గర కొనేది. ఆవుపాలు ఆమెకు పడవు. షుగర్ కూడా ఉంది. ఒకనాడు కుంటుతూ వచ్చింది.

"కాలికి ఏమైందక్కా?"

"చెప్పు కరిచినాది లేప్పా. ఎన్నాళ్లయినా మానకుండా ఉండాది."

"మాత్రలు ఏసుకుంటాండావా?"

"ఒక పూటవి మానేసినా. ఒంటికి రక్ష అని నువ్వే రాసినావు గదా. ఇంగ మాత్రలకు దుడ్లు పెట్టేది యాల?"

"పెరుగు మందు కాదక్కా."

"ఆ ముక్క బోర్డు మీద రాయకపోతివే శెట్టీ. తావు సాలలేదా?"

అంగడి మూసి, ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. పుండు లోపలికి దిగిపోయింది. మాత్రలు తగ్గించడంతో షుగర్ పెరిగి, పుండును ఇంకా ముదరబెట్టిందన్నారు డాక్టరు. కాలి చిటికెన వేలు తీసేశారు.

తర్వాత తెల్ల పెరుగు తీసుకుని ల్యాబుకు పోయాను. మేడమ్‌కు ఓబులమ్మక్క కథంతా వినిపించి, చెప్పిన ఫీజు చెప్పినట్టే కట్టాను. తెల్ల పెరుగు కూడా ఊదారంగును కొంత విరిచింది. పొట్టు పెరుగుకు మాత్రం చాలా దూరం.

"పొట్టు పెరుగైనా మందు కాదండీ," అన్నారు మేడమ్. "ఇది గాజుగొట్టంలో రంగు సంగతి. ఆమె షుగర్ సంగతి ఇది చెప్పదు."

అప్పటినుంచి ఏది అమ్మితే దాన్నే పరీక్షకు పంపుతున్నాను. జబ్బుల ఊసు బోర్డు మీద ఎత్తను.

ఆసుపత్రి బిల్లు నేను కడతానంటే ఓబులమ్మక్క ఒప్పుకోలేదు. "మాత్రలు మానింది నేను. సగం నాది."

"అంతా నాదే అక్కా."

"బేరం తిరగబడినాదే శెట్టీ," అని మంచం మీదే నవ్వింది.

ఇచ్చేదాన్ని పెంచడానికి బేరమాడడం నాకు అదే మొదలు. చివరికి ముప్పావు దగ్గర తెగింది. బిల్లులో ముప్పావు నాది, పావు ఆమెది. మూడో శాంపిల్ ఫీజు, చెరిపించిన బోర్డు ఖర్చు పూర్తిగా నావి. చిటికెన వేలు మాత్రం పూర్తిగా ఆమెదే.